జబ్బుపడిన కంప్యూటరుకు బయటినుంచి వైద్యం

(బోయిన్‌పల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు వైరస్‌ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఆ విద్య చదువుకున్నవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో జమాఖర్చులు రాసి, అందులో చివరి పాతికేళ్ళు వాటినే కంప్యూటరులో ఎక్కించి రిటైరైనవాణ్ణి. మరి నన్నెందుకు నిలబెట్టారంటే, మన సంఘం కంప్యూటరుకు వైరస్ ఎక్కించింది నేనే. దాన్ని దించడంలో చేయి వేసిందీ నేనే. తప్పు చేసినవాడు చెబితే నలుగురూ శ్రద్ధగా వింటారని ఆయన ఉద్దేశం కాబోలు. వారి నమ్మకాన్ని వమ్ము చేయకుండా జరిగింది జరిగినట్టు మనవి చేస్తాను.

మొన్నటి అక్టోబరు ఆఖరు వారం. మీకు తెలుసు, నవంబరు వస్తోందంటే మన ఆఫీసు గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. లైఫ్ సర్టిఫికెట్ల హడావిడి. సభ్యుల జాబితా ప్రింటు తీయించాలి. మన ప్రింటరులో సిరా అయిపోయింది. జాబితాను పెన్‌డ్రైవులో ఎక్కించుకుని దగ్గరలోని ఒక జిరాక్స్ షాపుకు వెళ్ళాను. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎందరి పెన్‌డ్రైవులో ఆ కంప్యూటరులో పెట్టి తీస్తారు. షాపు కుర్రాడి తప్పేమీ లేదు. పదిమంది తాగే చలివేంద్రం గ్లాసు లాంటిది అది. తిరిగి వచ్చి అదే పెన్‌డ్రైవును మన కంప్యూటరుకు తగిలించాను. అందులో నా ఫోల్డరు పేరే కనిపించింది, పక్కన చిన్న బాణం గుర్తుతో. ఆ బాణం ఏమిటా అని ఆలోచించకుండా రెండుసార్లు నొక్కాను. అంతే.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే పదకొండేళ్ళ సంఘం రికార్డులున్న డ్రైవులో ఒక్క ఫైలూ లేదు. అన్నీ ఆ బాణం గుర్తుల బొమ్మలే. ఏది నొక్కినా కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ ఊరుకుంటుంది. నాకు ఒళ్ళు చల్లబడింది.

అందులో ఏమున్నాయో ఈ సభకు చెప్పనక్కర్లేదు. సభ్యుల పెన్షన్ కాగితాల నకళ్ళు, మెడికల్ క్లెయిములు, సంఘం లెక్కలు. అన్నిటికంటే ముఖ్యంగా మన సోదరి ఒకరి కాగితాలు. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానల్లో వాళ్ళింట్లోకి నీళ్ళు చేరి బీరువా కింది అర మొత్తం నానిపోయింది. భర్త పీపీఓ, సర్వీసు పుస్తకం పేజీలు, ఇద్దరూ కలిసి దిగిన జాయింట్ ఫోటో, ఏవీ మిగల్లేదు. అదృష్టవశాత్తూ అంతకుముందే వాటిని మనం స్కాన్ చేసి పెట్టాం. కిందటి వేసవిలో ఆ పెద్దమనిషి కాలం చేశారు. ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తుకు ఆ నకళ్ళే ఆధారం. "ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తానమ్మా, మన కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి" అని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. ఆ సోమవారం ఆమె వచ్చి, "అన్నయ్యగారూ, ఆ కాగితాలు ఇవాళ తీసిస్తారా?" అని అడిగారు. "ప్రింటరులో సిరా లేదమ్మా, గురువారం రండి" అన్నాను. సిరా లేని మాట నిజమే. కానీ నేను చెప్పింది నిజం కాదు.

మిత్రులారా, ఆ తర్వాత నాలుగు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఈ వయసులో చేతకాని పని నెత్తిన వేసుకున్నాడంటారని భయం. వైరస్ చేసిన నష్టం కంటే ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన నష్టం ఎక్కువ. అందుకే అది కూడా చెబుతాను.

మొదటి రోజు అదే కంప్యూటరులో ఇంటర్నెట్ తెరిచి "వైరస్ పోగొట్టేది" అని వెతికాను. ఉచితం అని రాసి ఉన్న ఏదో క్లీనరును దించుకున్నాను. అది పనిచేయడం మొదలుపెట్టి 'మీ కంప్యూటరులో వందలకొద్దీ లోపాలున్నాయి, డబ్బు కడితే సరిచేస్తాను' అంది. రెండో రోజు తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చింది. పెద్ద కంపెనీ గుర్తు, కింద ఒక ఫోన్ నంబరు, వెంటనే ఫోన్ చేయండి అని గంట మోగుతూనే ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మా ఆవిడ భోజనానికి పిలవడంతో ఆగాను. ఆ పిలుపే రక్షించింది. తర్వాత తెలిసింది, మైక్రోసాఫ్ట్ వారి హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు ఉన్నదంటేనే అది మోసం. ఆ నంబరుకు ఫోన్ చేసినవాళ్ళ చేత కంప్యూటరు తలుపులు తీయించి, బ్యాంకు ఖాతా దాకా వెళతారు.

నాలుగో రోజు నా ముఖం చూసి సంగతి రాబట్టినవారు మన ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గారు. ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతారు కాబట్టి చెప్పను. అంతా విని ఆయన అన్న మాట ఇది: "ఏమండీ గురువుగారూ, కరెంటు ఉన్న లైను మీద చేయి వేసి ఎవరైనా రిపేరు చేస్తారా? మెయిన్ ఆపి, బయటినుంచి కదా మొదలుపెట్టాలి? మీ జోషీ సంగతి మరిచిపోయారా?"

మరిచిపోయాను. ఆ మాటతో గుర్తొచ్చింది.

ఇక్కడున్న వారిలో ఆ రోజుల్లో కంప్యూటరు మీద పనిచేసినవారికి జోషీ గుర్తుండే ఉంటుంది. 1990లో మన దేశంలో బయటపడిన వైరస్ అది. ఫ్లాపీల ద్వారా పాకేది. ఏడాదంతా మౌనంగా ఉండి, జనవరి 5న తెరమీద 'హ్యాపీ బర్త్‌డే జోషీ' అని టైపు చేయమని అడిగేది. చేస్తే వదిలిపెట్టేది, లేకపోతే కంప్యూటరు కదలదు. 1993 జనవరి 5, మంగళవారం, మా సెక్షనులో ఉన్న ఒక్కగానొక్క కంప్యూటరు మమ్మల్ని అలాగే అడిగింది. ఆ నెల జీతాల పట్టీ అందులో ఉంది. మా సూపరింటెండెంటుగారు 'ఎవరయ్యా ఈ జోషీ, ఏ సెక్షను?' అని హాజరుపట్టీ తెప్పించుకున్నారు.

దాన్ని పోగొట్టడానికి వచ్చిన ఇంజనీరు చేసిన మొదటి పని స్విచ్చి ఆపడం. మూడు మీటలు కలిపి నొక్కి మళ్ళీ మొదలుపెట్టడం చాలదన్నాడు. ఎందుకంటే అలా చేస్తే జోషీ చచ్చినట్టు నటించి జ్ఞాపకశక్తిలోనే నక్కి ఉండేది. కరెంటు పూర్తిగా తీసేయాలి. తర్వాత తన సంచిలోంచి ఒక ఫ్లాపీ తీశాడు. దాని అంచున ఉన్న గాటుకు నల్లటి స్టిక్కరు అంటించి ఉంది. ఆ గాటు మూసేస్తే ఆ ఫ్లాపీ మీద ఎవరూ ఏమీ రాయలేరు, వైరస్ కూడా రాయలేదు. ఆ ఫ్లాపీతో కంప్యూటరును లేపి, లోపలి డిస్కును తాకకుండా బయటినుంచి చూసి, వైరస్‌ను ఊడబెరికాడు. అరగంట పని.

ఎందుకింత తతంగం అంటే, దానికీ చిన్న కథ ఉంది. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఐబీఎం పీసీల వైరస్‌లకు ఆద్యం. అది ఫ్లాపీ మొదటి భాగంలో కూర్చునేది. ఎవరైనా అనుమానంతో 'ఆ మొదటి భాగం చూపించు' అని కంప్యూటరును అడిగితే, అసలుదాన్ని వేరేచోట దాచి ఉంచి, దాన్ని తెచ్చి చూపించేది. అంటే తనిఖీకి వచ్చిన ఆడిటరుకు దొంగే స్వయంగా మంచి లెడ్జరు తెచ్చి ఇవ్వడం అన్నమాట. జమాఖర్చులు రాసినవాణ్ణి కాబట్టి నాకు ఇది వెంటనే అర్థమైంది. దొంగ కాపలా కాసే గదిలో కూర్చుని, దొంగ తెచ్చిచ్చిన పుస్తకాలు చూసి ఆడిట్ చేస్తే ఏం దొరుకుతుంది?

ఇవాళ ఫ్లాపీలు లేవు. కానీ సూత్రం మారలేదు. విండోస్ లేచినప్పుడు వైరస్ కూడా దానితో పాటే లేస్తుంది. కొన్ని రకాలు యాంటీవైరస్ కంటే ముందే లేచి దాని గొంతు నొక్కుతాయి. కనుక రోగి నిద్రలో ఉండగానే బయటినుంచి వచ్చి చూడాలి. అందుకు పనికొచ్చేదే రెస్క్యూ డిస్కు. పేరుకు డిస్కు గానీ ఇప్పుడు అది మామూలు పెన్‌డ్రైవే. అందులో విండోస్‌తో సంబంధం లేని వేరే వ్యవస్థ, సాధారణంగా లైనక్స్, ఉంటుంది. దానితో కంప్యూటరును లేపితే లోపలి హార్డ్‌డిస్కు ఊరికే ఒక అల్మారాలా పడి ఉంటుంది. అందులోని వైరస్ కూడా కాగితం మీది అక్షరాల్లా పడి ఉంటుంది, కదలలేదు.

ఇక మేమేం చేశామో వరుసగా చెబుతాను. రాసుకునేవారు రాసుకోండి.

మొదట కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేశాం. ఇది మొదటి రోజే చేయవలసింది. వైరస్ పట్టిన కంప్యూటరులో బ్యాంకు పాస్‌వర్డు, ఈమెయిల్ పాస్‌వర్డు ఏదీ టైపు చేయకూడదు. వాటిని వేరే శుభ్రమైన కంప్యూటరు నుంచో, ఫోను నుంచో మార్చుకోవాలి. డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాలపై జాతీయ సహాయ నంబరు. ఎంత తొందరగా చెబితే డబ్బు అవతలివాడి చేతికి చేరకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండోది, రెస్క్యూ పెన్‌డ్రైవు తయారీ. దీన్ని జబ్బుపడిన కంప్యూటరులో తయారు చేయకూడదు. ఫోర్‌మన్‌గారి ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో చేశాం. లైనక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థను దాని సొంత వెబ్‌సైటు నుంచే దించాం. కాస్పర్‌స్కీ, డాక్టర్ వెబ్ వంటి యాంటీవైరస్ సంస్థలు కూడా ఇలా బయటినుంచి లేపి వెతికే రెస్క్యూ డిస్కులను ఇస్తున్నాయి. ఏదైనా సరే అసలు తయారుచేసినవారి దగ్గరనుంచే తీసుకోవాలి. దించిన ఫైలును ఊరికే పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తే అది లేవదు. రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాముతో ఎక్కించాలి. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవు చాలు.

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. అలా ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. 'మొత్తం చెరిగిపోతుంది, సమ్మతమేనా' అని తెరమీద అడిగింది కూడా. నేను కళ్ళజోడు సవరించుకుంటూ 'సరే' నొక్కాను. పెట్టింది నా జేబులో ఉన్న ఆ పాత పెన్‌డ్రైవే. అందులో అంతకుముందు ఏడాది మన వనభోజనాల ఫోటోలు నలభై దాకా ఉన్నాయి. ఆ రోజు మనతో పాటు ఉసిరిచెట్టు కింద కూర్చుని పద్యాలు పాడిన మన పూర్వ కోశాధికారిగారు ఇప్పుడు లేరు. ఆ ఫోటోలు వేరే ఎక్కడా లేవు. తర్వాత ఫోటోరెక్ అనే ప్రోగ్రాముతో తవ్వితే పదకొండు ఫోటోలు తిరిగి వచ్చాయి, పేర్లూ వరుసా లేకుండా. ఆయన ఉన్నది రాలేదు. ఆ ఫోటోలను పోగొట్టింది వైరస్ కాదు, నేను. చెరిపినచోట మళ్ళీ రాయకపోతే పోయినవి తవ్వి తీయవచ్చు, రాస్తే కష్టం. అందుకని రెస్క్యూ డిస్కుకు కొత్త పెన్‌డ్రైవే కొనండి. మేము ఆ మర్నాడు తాడ్‌బండ్ మీదుగా పార్క్‌లేన్‌కు వెళ్ళి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక కొత్త పెన్‌డ్రైవు, ఒక బయటి హార్డ్‌డిస్కు కొనుక్కొచ్చాం. ఆ బుద్ధి ఒక రోజు ముందు పుట్టవలసింది.

మూడోది, కంప్యూటరును పూర్తిగా ఆపడం. జోషీ నేర్పిన పాఠం ఇక్కడ మళ్ళీ పనికొచ్చింది. విండోస్ 8 నాటినుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒక సౌకర్యం వచ్చింది. అది ఉన్నచోట షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచి కునుకు తీస్తుంది. అప్పుడు బయటి వ్యవస్థ ఆ డిస్కును చదవగలదు గానీ సాధారణంగా మార్పులు చేయనివ్వదు. షిఫ్టు మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే నిజంగా ఆగుతుంది.

నాలుగోది, పెన్‌డ్రైవు నుంచి లేపడం. స్విచ్చి వేయగానే ఒక మీటను టకటకా నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9. దేనితో లేవాలో అడిగే జాబితా వస్తుంది. అందులో పెన్‌డ్రైవును ఎంచుకోవాలి. నాకు రెండుసార్లు తప్పిపోయి విండోసే లేచింది. కంగారు పడనక్కర్లేదు, మళ్ళీ ఆపి మళ్ళీ ప్రయత్నించడమే.

మూడోసారి వేరే తెర వచ్చింది. ఆకుపచ్చ గుర్తు, నిశ్శబ్దం. ఫోర్‌మన్‌గారు లోపలి డ్రైవును తెరిచారు. నేను కళ్ళు మూసుకున్నాను. "చూడండి" అన్నారు. చూశాను. బాణం బొమ్మల మధ్య నా ఫోల్డర్లన్నీ ఉన్నాయి. సభ్యులు, క్లెయిములు, లెక్కలు, పదకొండేళ్ళవీ వరుసగా ఉన్నాయి. అవి ఎక్కడికీ పోలేదు.

జరిగిందేమిటంటే, ఈ రకం వైరస్ ఫైళ్ళను చెరపదు. వాటిమీద 'కనపడకు' అని ఒక ముద్ర వేస్తుంది. అదే పేరుతో బాణం గుర్తున్న నకిలీ బొమ్మను ముందు నిలబెడుతుంది. మనం ఆ బొమ్మను నొక్కితే వైరస్‌ను మనమే స్వయంగా లేపినట్టు. విండోస్ ఆ ముద్రను మన్నిస్తుంది కాబట్టి మనకు ఫైళ్ళు కనపడవు. లైనక్స్‌కు ఆ ముద్రతో పని లేదు, ఉన్నవన్నీ చూపిస్తుంది. బోయిన్‌పల్లి మార్కెట్టులో టమాటా బుట్టల మీద ఎవరో గోనెపట్టా కప్పి పోతే, టమాటాలు పోయాయని ఏడ్చినట్టుంది నా పని.

ఐదోది చాలా ముఖ్యం. ఫైళ్ళు కనపడగానే వైరస్ వేట మొదలుపెట్టకూడదు. ముందు మన వస్తువులు బయటికి తెచ్చుకోవాలి. ఇల్లు అంటుకుంటే ముందు పిల్లల్ని బయటికి తెస్తాం కదా. కాగితాలు, ఫోటోలు, లెక్కల పట్టీలు మాత్రమే కొత్త హార్డ్‌డిస్కులోకి ఎక్కించాం. ప్రోగ్రాములు, బాణం బొమ్మలు ఏవీ తీసుకోలేదు, వాటివెంట జబ్బు వస్తుంది. మన సోదరి కాగితాలు తెరిచి చూశాను. పీపీఓలో అంకెలు స్పష్టంగా ఉన్నాయి. జాయింట్ ఫోటోలో ఇద్దరూ కొంచెం బెరుగ్గా కెమెరావైపు చూస్తున్నారు. ఆ రాత్రి నాలుగు రోజుల తర్వాత నిద్రపట్టింది.

ఆరోది, అప్పుడు వెతుకులాట. రెస్క్యూ డిస్కుతో డ్రైవు మొత్తం వెతికించాం. నాలుగు గంటలు పట్టింది. నేను దించిన ఆ ఉచిత క్లీనరు కూడా దొంగల జాబితాలోనే తేలింది. విండోస్ మామూలుగా లేస్తున్నవారికి ఇంకో తేలిక దారి ఉంది. విండోస్ 10, 11లలో సెక్యూరిటీ విభాగంలో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' అని ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే కంప్యూటరు తనంతట తాను ఆగి, విండోస్ లేవకముందే వెతికి, మళ్ళీ లేస్తుంది. పెన్‌డ్రైవు అక్కర్లేదు. ఇవి కాక మన ప్రభుత్వమే 2017 ఫిబ్రవరిలో 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' అని ప్రారంభించింది. అక్కడ శుభ్రపరిచే సాధనాలు ఉచితంగా ఇస్తారు.

ఏడోది, ఇంత చేసినా మేము ఆ విండోస్‌ను నమ్మలేదు. వెతికే సాధనం తనకు తెలిసిన దొంగనే పట్టుకుంటుంది. తెలియనివాడు తప్పించుకోవచ్చు. ఫైళ్ళు ఎలాగూ బయట భద్రంగా ఉన్నాయి కదా అని డిస్కును శుభ్రంగా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించాం. తర్వాత పాస్‌వర్డులన్నీ మార్చాం.

మిత్రులారా, రెస్క్యూ డిస్కు సంజీవని కాదు. దాని చేతకాని పని కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను. ఇప్పుడు తిరుగుతున్న పెద్ద జబ్బు రాన్సమ్‌వేర్. అది ఫైళ్ళను దాచదు, తాళం వేస్తుంది. తాళంచెవికి డబ్బడుగుతుంది. 2017 మే 12న మొదలైన వానాక్రై ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లను కూడా వదల్లేదు. అది దూరే రంధ్రాన్ని పూడ్చే మందును మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివారికే సోకింది. 2019 ఏప్రిల్ ఆఖరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు ఇలాంటి దాడికే గురై, వెబ్‌సైట్లు ఆగాయి. ఇలాంటప్పుడు నిలబెట్టేది ముందే తీసి పెట్టుకున్న నకలు ఒక్కటే.

మన సభ్యుల్లో ఒకరి అల్లుడి దుకాణంలోనూ ఇదే జరిగింది. మా అనుభవం చూసి ధైర్యంగా పిలిచారు. వెళ్ళాం. రెస్క్యూ డిస్కుతో వైరస్‌ను తీసేశాం. కానీ ఫైళ్ళు తెరుచుకోలేదు. దొంగను వెళ్ళగొట్టాం గానీ వాడు వేసిన తాళం అలాగే ఉంది. నకలు ఎక్కడా లేదు. ఆ అబ్బాయి ముఖం చూడలేక వచ్చేశాం. డబ్బు కట్టవద్దని, తాళం పడిన ఫైళ్ళను చెరపకుండా దాచుకోమని మాత్రం చెప్పాం. ఎందుకంటే 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ సంస్థలు కలిసి 'నో మోర్ రాన్సమ్' అని ఒక ఏర్పాటు మొదలుపెట్టాయి. దొరికిన తాళంచెవులను అక్కడ ఉచితంగా ఇస్తారు. ఇవాళ లేని చెవి రేపు దొరకవచ్చు. ఆ అబ్బాయి ఆ డిస్కును ఇంకా బీరువాలో పెట్టుకునే ఉన్నాడు.

ఇంకొక జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కును గుప్తభాషలో ఉంచే బిట్‌లాకర్ వంటి ఏర్పాటు ఉంటుంది. దొంగ ఎత్తుకుపోయినా చదవలేడు, మంచిదే. కానీ రెస్క్యూ డిస్కుతో లేపినప్పుడు మనమూ చదవలేం, 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకపోతే. 2024 జూలై 19 గుర్తుంది కదా. అది వైరస్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. మన శంషాబాదులోనే విమాన ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధనం ఏమిటి? లేపడానికి ఒక యూఎస్‌బీ పెన్‌డ్రైవు! 1993లో మా సెక్షనుకు వచ్చిన ఇంజనీరు సంచిలోని ఫ్లాపీకి అది మనవడు. ఆ రోజు చాలాచోట్ల పని ఆలస్యమైంది ఈ 48 అంకెలు చేతిలో లేకనే. కనుక మీ ఇంట్లో పిల్లలను అడిగి, ఆ కీ మీ ల్యాప్‌టాప్‌కు ఉందేమో చూసి, కాగితం మీద రాసి పీపీఓ ఫైలులో పెట్టుకోండి.

విండోస్ 10 వాడేవారికి మరో మాట. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీకాలు ఆగిపోయిన ఒళ్ళు లాంటిది అది. మార్చుకోగలిగినవారు మార్చుకోండి.

ఇప్పుడు మన సంఘంలో అమల్లో ఉన్న పద్ధతి చెప్పి ముగిస్తాను. ప్రతి నెలా మొదటి శనివారం రికార్డుల నకలు బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తాం. ఎక్కించగానే తీగ ఊడదీసి బీరువాలో పెడతాం. తగిలించి ఉంచితే వైరస్ దానికీ పడుతుంది. రెండో నకలు వేరే ఇంట్లో ఉంటుంది. జిరాక్స్ షాపుకు వెళ్ళవలసి వస్తే అందుకు వేరే పెన్‌డ్రైవు. ఎర్ర దారం కట్టి ఉంది దానికి. అది సంఘం కంప్యూటరుకు ఎప్పుడూ తగలదు. రెస్క్యూ పెన్‌డ్రైవు ఒకటి తయారుచేసి, తేదీ రాసి, ప్రథమచికిత్స పెట్టెలో అయోడిన్ సీసా పక్కన పెట్టాం. పాతబడితే కొత్త దొంగలను గుర్తుపట్టదు కాబట్టి అప్పుడప్పుడు కొత్తగా ఎక్కిస్తాం. మీలో ఎవరి కంప్యూటరుకు జబ్బు చేసినా దాన్ని తీసుకుని మేమిద్దరం వస్తాం. టీ ఇస్తే చాలు.

అయితే రావాలంటే మీరు చెప్పాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. వైరస్ పట్టిన కంప్యూటరు తనను తాను బాగుచేసుకోలేదు, బయటినుంచి శుభ్రమైన చేయి రావాలి. నాకూ అంతే అయింది. నాలుగు రోజులు నాలో నేనే తిప్పలు పడ్డాను, ప్రతి అడుగూ తప్పే వేశాను. ఒక్క మిత్రుడికి చెప్పుకున్న గంటలో దారి కనపడింది. మనవయసువాళ్ళం మోసపోతే, పొరపాటు చేస్తే, పిల్లలేమంటారో అని దాచుకుంటాం. ఆ దాచుకునే నాలుగు రోజులే మోసగాడికి కావలసినవి.

ఆ గురువారం మన సోదరి వచ్చారు. కాగితాలు చేతికిచ్చి, ఆమెకు జరిగినదంతా చెప్పాను. సిరా సంగతి కూడా. ఆమె కాసేపు ఫోటో వైపే చూసి, "ముందే చెబితే నేనూ మీతో కూర్చునేదాన్ని కదా అన్నయ్యగారూ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ ఫిబ్రవరి నుంచి వస్తోంది. ప్రతి నెలా మొదటి శనివారం ఆమె మన ఆఫీసుకు వచ్చి, నకలు ఎక్కిందో లేదో తానే రిజిస్టరులో సంతకం పెట్టి వెళుతున్నారు.